గాలి మర

"రాజహంస బయల్దేరింది," అంది రేడియో. రాజహంస అంటే మూడు వందల మందితో తుర్కు రేవుకు వచ్చే ఫెర్రీ. "పొగమంచు దట్టంగా ఉంది. నీళ్ల మీద తేలుతూ దారి చూపే గుర్తును పరాయి ముఠా రాళ్ల మీదికి జరిపేసింది. ఓడ రేడియో పలకడం లేదు. నీ దగ్గర పడవ ఉందిగా, తార్మో?"

"ఉంది సార్. దాని మోటారే నాలుగు చలికాలాలుగా నిద్రపోతోంది."

"లేపు," అన్నాడు చీఫ్. లైన్ కట్టయింది.

ఏజెంట్ తార్మో కొట్టంలోని మోటారును పడవకు బిగించి, నీళ్లలోకి దించి తాడు లాగాడు. ఉలుకూ పలుకూ లేదు. వార్నిష్ కంపు కొడుతున్న పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. స్పార్క్ ప్లగ్ తుడిచి చూస్తే నిప్పురవ్వ వస్తోంది. జిగురు పేరుకున్న కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. ఈసారి మోటారు అందుకుంది, నిమిషం తిరిగింది, చచ్చింది.

"శ్రమపడకు," అంది వెనకనుంచి ఇర్మెలి. నక్కతోలు టోపీ, ఎర్రటి పెదవులు, చేతిలో సైలెన్సర్ పిస్టల్. ఏడేళ్లుగా అతని తోటి ఏజెంట్. ఒకప్పుడు అతని ప్రియురాలు కూడా.

"నువ్వు వాళ్ల తరఫా?"

"మొదట్నించీ. పడవ కదిలితే కాలుస్తా. కదలకపోతే అక్కర్లేదు, ఓడ మునిగింది ప్రమాదంలో అనుకుంటారు."

"తాడు లాగి చూడొచ్చా?"

"లాగుకో. నాకేం."

ఆమె పెట్టె మీద కూర్చుని సిగరెట్ వెలిగించింది. తార్మో లాగాడు. తిరిగింది, చచ్చింది. ప్లగ్ మార్చాడు, చోక్ గుంజాడు. మళ్లీ చచ్చింది. అరచేతులు చిట్లి నెత్తురు కారుతోంది. దూరంగా ఫెర్రీ కూత వినపడింది. ఇక అయిపోయింది అనుకున్నాడు. ఏడుపొచ్చింది.

ఇర్మెలి ఈ దీవుల్లోనే పుట్టింది. ఇక్కడ ఎవడి మోటారు మొరాయించినా రేవులో ఉన్నవాళ్లంతా చేరి సలహా చెప్పాల్సిందే, చెప్పకపోతే కడుపుబ్బరం. ఆమె కాలు ఊగుతోంది. సిగరెట్ ఆరిపోయింది.

"చోక్ ఎందుకలా గుంజుతావ్, బుద్ధి లేదూ?" అంది చివరికి. "అది పెట్రోలు అందక చస్తోంది. టాంకు మూత మీద గాలి మర విప్పావా? చలికాలానికి బిగించేసి, వసంతంలో మర్చిపోయి..."

మాట మధ్యలో నాలుక కరుచుకుంది.

తార్మో మర తిప్పాడు. టాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. ఒక్క లాగుకే మోటారు గర్జించింది. పిస్టల్ పేలింది, భుజం భగ్గుమంది. పడవ ఆగలేదు.

ఫెర్రీ రాళ్లకు ఇంకో రెండు నిమిషాల దూరంలో ఉండగా, దాని ముక్కుకు అడ్డంగా దూసుకెళ్లి ఎర్ర దివ్వె వెలిగించాడు. ఓడ మూలుగుతూ పక్కకు తిరిగింది.

మర్నాడు ఇర్మెలిని ఆమె ముఠావాళ్లే కాల్చేశారు. ఆ వార్త విన్నాక గెలిచినట్టే అనిపించలేదు తార్మోకి.

"ఏడేళ్లు నోరు జారని మనిషి," అన్నాడు చీఫ్. "అక్కడెందుకు జారింది? నీ బాధ చూడలేకపోయిందా?"

"నాది కాదు సార్," అన్నాడు తార్మో. "మోటారుది."