మునిచంద్ర పలక

పుంగనూరు బస్టాండు ఎదురుగా మా సెల్‌ఫోన్ల అంగడి. నా పేరు అర్షద్. పద్నాలుగేళ్లుగా ఇదే పని. అద్దాలు మారుస్తాను, లాకులు తీస్తాను. పాత ఫోను లాకు తీయడం గొప్ప విద్యేమీ కాదు, చూపిస్తే మీరూ తీస్తారు. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్తాను. నమ్మితే నమ్మండి, లేకుంటే మానండి. నాకు రెండూ ఒకటే ఇప్పుడు.

ఆదెమ్మ పదకొండు గంటల బస్సుకు వచ్చింది. పలమనేరు దారిలో ఒక పల్లె ఆమెది. ఒక బోరు, అరెకరా గడ్డి, ఒక ఆవు, అంతే సంసారం. సంచిలోంచి పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే ఒక రాతిపలక, ఒక బలపం కూడా పెట్టింది. పలక రిపేరీ చెయ్యనమ్మా నేను అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. కొడుకు మునిచంద్ర పుట్టుమూగ అని చెప్పింది. తనకేమో చదువు రాదు. వాడు ఏదైనా చెప్పాలనుకుంటే పలక మీద రాసి ఫోనుతో ఫొటో తీసేవాడంట. అందులో ఉండే యాప్ ఆ అక్షరాలు పట్టుకుని పైకి చదివేదంట. ఆవుకు కుడితి పెట్టమని, నువ్వు అన్నం తినమని, అన్నీ అట్లే. ఆ యంత్రంలోని ఆడగొంతే ఆమెకు కొడుకు గొంతు.

మూడు నెలల కింద ఒకరోజు తెల్లవారుతూనే, ఆమె కొట్టంలో పాలు పిండుతూ చూస్తుంటే, వాడు పలక మీద ఏదో రాసి, ఫొటో తీసి, పలక తుడిచి, ఫోను గూట్లో పెట్టి సైకిలెక్కి పోయాడు. దారిలో లారీ కొట్టి అక్కడే పోయాడు. ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఎవరో ఫోనుకు చార్జింగ్ పెట్టి చూస్తే లాకు అడిగింది.

"కడాకు ఏం సెప్పినాడో వినల్లప్పా. అంతే నాకు," అంది.

ఐదు గంటల బస్సుకు తిరిగి పోవాలంది. వాడు పోయినప్పటి నుంచి మోటారు ముట్టలేదంట. గడ్డి ఎండిపోయింది, ఆవు ఎముకల గూడైంది, రేపు పొద్దున కరెంటు వస్తూనే నీళ్లు పెట్టాలంట. సరే, నాలుగున్నరకు రమ్మని పంపాను.

ఫోనును వెలుతురుకు వాలుగా పట్టుకుంటే అద్దం మీద వేలి జిడ్డు గీతల్లా కనబడుతుంది. ఆ గీతల వెంబడి ఐదుసార్లు గీశాను. తెరుచుకోలేదు. ఈలోగా బేరాలు వచ్చాయి. ఒకరితో మాట్లాడుతూనే రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఫోను పనిచేస్తే చాలంటారు, లోపల ఏముందో ఎవరికీ అక్కర్లేదు. చేతికి అదే అలవాటు. తెర తెల్లబడి, లోపలున్నదంతా చెరిగిపోయి, కొత్త ఫోనులా భాష ఏదని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆమె అడిగింది లోపలున్నదే అని.

ఏమనిపించిందంటారా? ఏమీ లేదు. ఎదురుగా ఉన్న బేరం ముగించి డబ్బులు తీసుకున్నాను, అంతే.

నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ యాప్ మళ్లీ ఎక్కించాను. వాడి పలక మీదే, వాడి బలపంతోనే రాశాను: అమ్మా, నేను బాగుండాను. నువ్వు ఏడవద్దు. ఫొటో తీశాను. ముసలామెకు ఊరట, నాకు మాట దక్కుతుంది అనుకున్నాను.

నాలుగు దాటాక మబ్బేసి కరెంటు పోయింది. అంగడిలో నేనొక్కణ్ణే. ఎట్లుందో వినిచూద్దామని నొక్కాను. ఆడగొంతు నేను రాసిన రెండు మాటలూ చదివింది.

ఆగాలి కదా... ఆగలేదు.

పలక మీద బలపం గీసినట్టు చిన్న చప్పుడు. ఎక్కడి నుంచో పచ్చిపాల వాసన... మళ్లీ అదే గొంతు, గుసగుసగా.

"పై మాట నాది కాదమ్మా. నా రాత చెరిపేసినారు. డబ్బా..."

బొటనవేలితో గట్టిగా నొక్కి ఆపేశాను. పలక చూశాను. నా రెండు మాటలే ఉన్నాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. డబ్బా అన్న దగ్గరే మళ్లీ ఆపాను. ఆ తర్వాత ఏముందో వినే ధైర్యం లేకపోయింది.

అప్పుడే ఆదెమ్మ వచ్చింది. కొంగు తలమీద కప్పుకుని, వానకు తడిసి. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టి నొక్కాను. బొటనవేలు సిద్ధంగా ఉంచుకున్నాను. నువ్వు ఏడవద్దు అని వినబడగానే నొక్కేశాను.

ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"వేలు తీయప్పా. వాడు ఇంకా సెప్తాండాడు."

"అంతేనమ్మా. అయిపోయింది."

కళ్లు తెరిచి నా వేలు చూసింది, తర్వాత నా మొహం చూసింది. నేను ఫోనులోంచి ఆ ఫొటో చెరిపేసి, ఫోను, పలక సంచిలో పెట్టిచ్చాను. వానలోనే బస్సెక్కింది.

మర్నాడు మధ్యాహ్నం అంజినప్ప అని ఒకాయన ఫోను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆదెమ్మ పక్కింటాయన. పొద్దున మోటారు వెయ్యబోయి, షాకు కొట్టి ఆమె పోయిందని చెప్పాడు. స్టార్టర్ డబ్బాలో వైరు ఊడి డబ్బాకు తగులుకుని ఉందంట. మునిచంద్ర ఆ రోజు మోటారు మెకానిక్కు కోసమే పుంగనూరుకు బయల్దేరాడేమో, ఇప్పుడు తడుతోంది అన్నాడు.

నాకూ తట్టింది. డబ్బా తర్వాత మాట ఏమిటో.

ఫోను ఆమె కొంగున ముడేసి ఉందంట. బంధువుల నంబర్లు కావాలి, లాకు తీసియ్యమన్నాడు. నేను దానికి లాకు పెట్టలేదు. ఆదెమ్మకు పెట్టడం రాదు.

ఫోనును ముట్టుకోలేదు. తలవంచి వాలుగా చూశాను. గీతలు లేవు. ఒక్క బొటనవేలి ముద్ర మాత్రం ఉంది, నేను నొక్కిన చోటే.

తెర నల్లగానే ఉంది. గొంతు వచ్చింది... ఆ యంత్రం గొంతు కాదు.

"వేలు తీయప్పా."

అంజినప్పకు వినబడలేదు. ఎంతవుతుందని అడుగుతూనే ఉన్నాడు.

నా చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. అద్దం మీది ముద్ర ఇంకా తడిగా, ఎవరో నొక్కి పట్టినట్టు, వెడల్పు అవుతోంది.