జాకు మీద కుంకుమబొట్టు

కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో, ఎప్పుడో మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ పై అంతస్తులో, దేశ భద్రతకు ఒక గది కేటాయించారు. వచ్చినవాళ్లను గుమ్మంలో ఒకతను ఆపి, "మెట్‌పల్లి పసుపు ఈసారి ఎట్లుంది?" అని అడుగుతాడు. "తడిసింది" అనాలి. అదీ కోడ్. పోయిన నెల నిజంగానే ఒక పసుపు వ్యాపారి అడ్రసు తప్పి వచ్చాడు. పాపం తడిసిన సరుకు గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. లోపలికి పంపి, టీ ఇచ్చి, సీక్రెట్ మ్యాపు కూడా చూపించారు. అయినా కోడ్ మార్చలేదు. మార్చాలంటే ఢిల్లీ సంతకం కావాలట.

ఏజెంట్ వనిత ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే లోపలికి నడిచింది. కోడ్ మాటలంటే ఆమెకు ఎంత గౌరవమో, పై ఆఫీసరు జైపాల్‌రావు అన్నా అంతే గౌరవం.

"కోబాల్ట్ రింగ్," అన్నాడు జైపాల్‌రావు, కుర్చీలో వెనక్కి వాలి. "ఫారిన్ ముఠా. మన బొగ్గు గనుల మ్యాపులు కొంటుంది. శ్రీరాంపూర్ దగ్గర తూర్పుగుట్ట ఓపెన్‌కాస్ట్ గనిల సర్వేయర్ సిద్ధు వాళ్లకు దొంగ మ్యాపు అంటగట్టిండు."

"తెల్సు సార్. అంటగట్టమని చెప్పింది నేనే."

"అది దొంగదని వాళ్లకు సమజైంది. ఇగ సిద్ధును ఖతం జేస్తరు. యాక్సిడెంట్ లెక్క."

సిద్ధును ఈ పనిలోకి దింపింది వనితే. మందమర్రి క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి బొగ్గు గని మనిషితో ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. సిద్ధు వాళ్లింటి మెట్టు మీద కూర్చుని, "నీకేం గాదు, నా జిమ్మ" అని మాట ఇచ్చింది. ఆ ఒక్క మాట మీద అతను ప్రాణం ఒడ్డాడు.

"ఎవరు చెప్పిన్రు సార్?"

"మన డబుల్ ఏజెంట్. ప్రమోదిని." ఆ పేరు పలికేటప్పుడు జైపాల్‌రావు ముఖం అద్దం తుడిచినట్టు మెరిసింది. "వాళ్లల్ల కలిసిపోయి మనకు పని చేస్తుంది. ఏం పర్సనాలిటీ. కరీంనగర్ బస్టాండ్‌ల లేపేస్తరని చెప్పింది. గని దాటి రాకుంటె సేఫ్ అన్నది. సిద్ధుకు నేను అదే ఆర్డర్ ఇచ్చిన."

"సేఫ్," అంది వనిత. నల్లకళ్లద్దాలు, సెంటు వాసన చూసి దేశాన్ని ప్రమోదిని చేతిలో పెట్టిన ఈ మహానుభావుడికి ఇంకేం చెప్పి లాభం?

జైపాల్‌రావు సొరుగులోంచి ఒక పెన్ను తీశాడు. "స్పై కెమెరా. జాగ్రత్త. ఇది రాయది."

"ఫొటో తీస్తదా?"

"బ్యాటరీ ఇంక రాలే."

వనిత దాన్ని అక్కడే వదిలేసి, స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుంది. గని కంట్రోల్ రూంలో కంప్యూటర్‌కు సౌండ్ రావడం లేదని సర్వీస్ సెంటర్‌కు కంప్లైంట్ వచ్చింది. రిపేరు మనిషి వేషానికి ఆ కంప్లైంటే చాలు.

*

ముందు సిద్ధు వాళ్ల క్వార్టర్‌కు వెళ్లింది. సిద్ధు డ్యూటీకి పోయాడు. అతని తల్లి సమ్మవ్వ వంటింట్లో సొట్టలు పడ్డ గిన్నెల మధ్య కాళ్లు చాపుకుని కూర్చుంది.

గనిలో మధ్యాహ్నం బండ పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే ఆ లైనులో ఆడవాళ్లందరూ చేతిలో పని వదిలేసి, గూట్లో గిన్నెలు కిందికి దించుతారు. పేలుడుకు గోడలు అదురుతాయి మరి. అదురు ఆగాక మళ్లీ ఎక్కిస్తారు. పెళ్లయి వచ్చిన కోడలికి అత్త నేర్పే మొదటి పని అక్కడ అదే. కంపెనీ రూల్సు ఏ ఫైల్లో ఉన్నాయోగాని, ఈ రూలు మాత్రం ఎవరూ తప్పరు.

"నిన్న సైరన్ రాలే బిడ్డా," అంది సమ్మవ్వ. "చప్పుడు లేదు, సెప్పుడు లేదు, ఒక్కటే పేలింది. మా అవ్వగారు వెట్టిన ఇత్తడి బిందె సుత సొట్టవోయింది. ఆఫీసుకు వోయి అడిగితె, ముసలిదానివి నీకు చెవుడొచ్చిందన్నరు. నాకు చెవుడైతె లైనంత చెవుడేనా?"

"మరి మందుగుండు పెట్టే షాట్‌ఫైరర్ ఎట్ల పేల్చిండు? సైరన్ మోగి ఆగినంకనే గదా మీట నొక్కాల్సింది."

"గా కొమురెల్లే గదా. పక్క క్వార్టరే. నాకు సైరన్ మంచిగ వినవడ్డది, ఆగినంకనే నొక్కిన అంటడు. తాగి డ్యూటీకి వచ్చినవని మేనేజరు మెమో ఇచ్చిండు."

"తాగుతడా?"

"దసరాకు సుత ముట్టడు. గదే నాకు సమజ్ గాలే."

ఆఫీసు వాళ్లకు ఇది చాలా తేలిక లెక్క. ముసలమ్మకు చెవుడు, కొమురెల్లికి కైపు. ఇద్దరిదీ అబద్ధమే. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చని తట్టడానికి కాస్త బుర్ర కావాలి, దానికి టెండర్ పిలవలేదు. వనిత మాత్రం గిన్నెల మధ్యే ఆగిపోయింది. కొమురెల్లి డబ్బా లాంటి ఇనుప షెల్టర్‌లో, చెవులకు చప్పుడు ఆపే మఫ్లు పెట్టుకుని, వాకీటాకీ సెట్టు ఇయర్‌పీస్ వాటి కింద దోపుకుని ఉంటాడు. అతనికి వినపడింది, ఊరికి వినపడలేదు. అంటే సౌండ్ చచ్చిపోలేదు. వేరే దారిన పోతోంది.

నిన్నటిది రిహార్సల్. గిన్నెలు పడితే ఎవరికి లెక్క అనుకుని ఉంటారు ఆ ఫారిన్ మేధావులు.

"సిద్ధు ఇవాళ ఎక్కడ అవ్వా?"

"గనిల కింది బెంచికి వోయిండు. కొలతలు మళ్ల తియ్యమని ఎవరో కరీంనగర్ మేడం ఫోన్ జేసిందట."

వనిత చెప్పులు సరిగా వేసుకోకుండానే పరుగెత్తింది.

*

గని చెక్‌పోస్టు దగ్గర వాచ్‌మన్ మొండయ్య ఆమె సంచీని మూడుసార్లు వెతికి, స్క్రూడ్రైవర్‌ను వాసన కూడా చూసి వదిలాడు. కంట్రోల్ రూం గుమ్మంలో ప్రమోదిని ఎదురైంది. నల్లకళ్లద్దాలు, బొగ్గు దుమ్ములో తెల్ల చీర, పది గజాల దూరం నుంచే సెంటు. రిపేరు మనిషి ముఖం చూడాల్సిన అవసరం ఆమె జీవితంలో ఎప్పుడూ రాలేదు, ఇప్పుడూ చూడలేదు.

"ఏసీ కూడ చూడు. కూలింగ్ లేదు," అని చెప్పి కారు వైపు వెళ్లిపోయింది.

లోపల ఐటీ కాంట్రాక్టరు రిత్విక్ మెడలో రెండు ఐడీ కార్డులతో సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

"సౌండ్ ప్రాబ్లం రాత్రే సాల్వ్ చేసిన," అన్నాడు.

"ఏం జేసినవ్?"

"రీస్టార్ట్."

"సౌండ్ వచ్చిందా?"

"చూడలే. లైనక్స్ మేడం ఇది. ఓపెన్ సోర్స్. ఫ్రీగ వచ్చినదానికి సౌండ్ సుత కావాల్నా?"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చేతకానివాడికి ఎప్పుడూ సాఫ్ట్‌వేర్‌దే తప్పు. వనిత అతన్ని కుర్చీతో సహా పక్కకు జరిపింది. అదే క్షణంలో స్క్రీన్ మీద సైరన్ ప్రోగ్రాం తనంతట తనే మొదలైంది. రోజూ ఆ వేళకు ఆటోమేటిగ్గా మోగేలా టైమర్ పెట్టి ఉంది. ప్లేయర్‌లో గీత ముందుకు కదులుతోంది. సౌండ్ మీటర్‌లో ఆకుపచ్చ పట్టీ ఎగిరి పడుతోంది. గని అంచున స్తంభాల మీద హారన్లు మాత్రం మూగనోము పట్టాయి.

కిటికీ అద్దంలోంచి గని అడుగున మెట్టులా తవ్విన కింది బెంచి కనపడుతోంది. సర్వే స్టాండు పక్కన తెల్ల హెల్మెట్ ఒకటి వంగి ఏదో కొలుచుకుంటోంది. సిద్ధు. జనాన్ని తోలాల్సిన గార్డులు కూడా సైరన్ కోసమే చూస్తూ నీడలో కూర్చున్నారు. డిటొనేటర్ల భయానికి కింద సెల్‌ఫోన్లు పనికిరావని రూలు.

వనిత టేబుల్ మీది వాకీటాకీ అందుకుంది. "కొమురెల్లీ, నొక్కకు." సెట్టు నిండా సైరనే మోగుతోంది. ఛానెల్ మొత్తం అదే ఆక్రమించింది, మనిషి గొంతుకు సందు లేదు.

ఇక కీబోర్డే దిక్కు. వాల్యూమ్ ఫుల్లే ఉంది. ఔట్‌పుట్ డివైస్ కూడా సరైనదే. టెర్మినల్ తెరిచి, సౌండ్ లైన్లన్నీ చూపించే మిక్సర్ పిలిచింది. హారన్లకు పోయే లైన్ కింద ఎం ఎం అని రెండక్షరాలు. అంటే మ్యూట్. కీ కొట్టి తీసేసింది. కన్ను మూసి తెరిచేలోగా ఆ ఎం ఎం మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ తీసింది, మళ్లీ వచ్చింది.

కంప్యూటర్‌కు దెయ్యం పట్టదు. ముందువైపు జాకులో హెడ్‌ఫోన్ గుచ్చితే వెనక స్పీకర్లు వాటంతట అవే మూగబోతాయి. అది ఆటో మ్యూట్. ఎవరో ముందువైపు ఏదో గుచ్చారు.

ఆమె కంప్యూటర్ కేబినెట్ వైపు వంగింది. దసరాకు ఆయుధపూజ చేసి పెట్టిన బొట్లు దాని మీద వరసగా ఉన్నాయి. నెలలు గడిచి, దుమ్ము పట్టి, గోధుమరంగుకు తిరిగిపోయాయి. పూజ బొట్టు తుడిచే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. కింద ఒకటి మాత్రం ఎర్రగా, నిన్న మొన్న పెట్టినట్టుంది. సరిగ్గా హెడ్‌ఫోన్ జాకు మీద.

"గీ బొట్టు ఎవరు వెట్టిన్రు?"

"ప్రమోదిని మేడం. మొన్న వచ్చినప్పుడు," అన్నాడు రిత్విక్ మురిసిపోతూ. "ఎంత సంప్రదాయమో సూడున్రి."

ఎండాకాలంలో ఆయుధపూజ చేసే సంప్రదాయం ఏ దేశంలో ఉందో వనితకు తెలియదుగాని, గోటితో బొట్టు గీకితే నల్లని మేకు తల లాంటిది బయటపడింది. చిటికెన వేలి గోరంత రేడియో ట్రాన్స్‌మిటర్. హారన్లకు పోవాల్సిన సైరన్‌ను తీసుకుపోయి కొమురెల్లి సెట్టులో పోస్తోంది.

దాన్ని పీకడానికి వేళ్లు బిగించింది. బిగించిన చోటే ఆగిపోయింది. పీకితే కొమురెల్లి చెవిలో సైరన్ ఆగుతుంది. సైరన్ ఆగితే అతను మీట నొక్కుతాడు. ముప్పై ఏళ్లుగా అతను చేస్తున్నది అదే. సిద్ధును చంపే చెయ్యి ప్రమోదినిది కాకుండా తనదే అయ్యేది.

ప్లేయర్‌లో గీత చివరికి వచ్చేస్తోంది.

వనిత వేళ్లు జాకును వదిలి మౌస్ పట్టుకున్నాయి. ముందు ప్లేయర్‌లో లూప్ గుర్తు నొక్కింది. సైరన్ చివరికంటా వెళ్లి, ఆగకుండా, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. తర్వాత మిక్సర్‌లో అట్టడుగున ఉన్న ఆటో మ్యూట్‌ను డిసేబుల్ చేసి, హారన్ల లైన్ మీది ఎం ఎం తీసేసింది.

ఈసారి తిరిగి రాలేదు.

గని అంచున హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. రిత్విక్ చేతిలో ఫోన్ కింద పడింది. కింది బెంచిలో తెల్ల హెల్మెట్ తలెత్తింది. సర్వే స్టాండును అక్కడే వదిలేసి, రాళ్లు దాటుకుంటూ పైకి పరుగెత్తింది. అది ఒడ్డెక్కేదాకా వనిత మౌస్ మీది చెయ్యి తియ్యలేదు. అవతల ఇనుప షెల్టర్‌లో కొమురెల్లి, ఎంతకీ ఆగని సైరన్‌ను కొంతసేపు భరించి, మీట తాళంచెవి జేబులో వేసుకుని, బయటికి వచ్చి తిట్టడం మొదలుపెట్టాడు.

*

సైరన్ మోగితే చెక్‌పోస్టు గేటు పడుతుంది. ఆగేదాకా లేవదు. ప్రమోదిని కారు సరిగ్గా ఆ గేటు ముందు ఆగిపోయింది. ఆమె ముందు నవ్వింది. తర్వాత ఢిల్లీ ఐడీ కార్డు చూపించింది. ఆపైన డాలర్లు, చివరికి కన్నీళ్లు.

"సైరన్ ఆగలే మేడం," అన్నాడు మొండయ్య. "జర కూసోన్రి."

వనిత తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి కారు అద్దం మీద స్క్రూడ్రైవర్‌తో తట్టింది. ప్రమోదిని మొదటిసారి ఆమె ముఖం చూసింది.

"ఏసీ అయింది మేడం," అంది వనిత. "దిగున్రి."

ఫోన్‌లో జైపాల్‌రావు విషయమంతా విన్నాడు. "నాకు మొదటినుంచి డౌటే," అన్నాడు చివరికి. రిత్విక్ అప్పటికే రిపోర్టు పంపేశాడు. సిస్టం రీస్టార్ట్ చేయడం వల్ల సమస్య పరిష్కారమైందట.

సాయంత్రం వనిత, సిద్ధు క్వార్టర్‌కు వచ్చేసరికి గిన్నెలన్నీ నేల మీద ఉన్నాయి. వాటి మధ్య సమ్మవ్వ మండిపోతూ కూర్చుంది. సిద్ధు సొట్ట బిందె తీసుకుని స్టూలు ఎక్కాడు. వనిత ఒక్కో గిన్నె అందిస్తోంది. అతను ఒక్కోటీ గూట్లో పెడుతున్నాడు. మాట నిలబెట్టుకున్నానని ఆమె చెప్పలేదు. కొడుకు ఏ చావు తప్పించుకుని వచ్చాడో సమ్మవ్వకు వాళ్లు ఎప్పటికీ చెప్పరు.

"నిన్న సైరన్ లేకుంట పేల్చిన్రు," అంది సమ్మవ్వ ఇద్దరినీ చూస్తూ. "ఇయ్యాల పొద్దుగూకేదాక సైరన్ మోగిచ్చి అసలు పేల్చనే లేదు. గిన్నెలు దించుకొని పిచ్చిదాని లెక్క కూసున్న. గింత చేతగానోళ్లకు జీతాలెవడిస్తుండు బిడ్డా?"