టిష్యూ పెట్టిన కుర్చీ

"లోహిత్ చనిపోయాడు. సాయంత్రం దాకా సుచిత్రకు చెప్పొద్దు. తెలిస్తే పని మానేస్తుంది."

పొద్దున్నే ఇయర్‌పీస్‌లో ఢిల్లీ చీఫ్ వీరభద్రరావు గొంతు. "ఓకే సర్" అన్నాడు ఏజెంట్ భరద్వాజ్. అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఎక్కడో ఎవరికీ ఇష్టంలేని యుద్ధం. ఆ దేశపు కుర్రాళ్లు 'మేం పోం' అంటూ సైన్యం పంపిన కాల్ లెటర్లు నడివీధిలో తగలబెడుతున్నారు. ఆ ఖాళీలు నింపడానికి ఒక ముఠా, సింగపూర్‌లో వర్క్ పర్మిట్ గడువు అయిపోతున్న మన కూలీలను వంటపనని చెప్పి విమానం ఎక్కిస్తోంది. ఆ ముఠా ఆఫీసులో చిరునవ్వుతో సంతకాలు పెట్టించే అందగత్తె సుచిత్ర. ఆర్నెల్ల కిందట అలా వెళ్లిన తమ్ముడు లోహిత్‌ను వెనక్కి తెస్తామంటే నమ్మి, రహస్యంగా భరద్వాజ్‌కు పనిచేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం, లిటిల్ ఇండియాలో చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్. సుచిత్ర ఒక కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లిపోయింది. ఇక్కడ దాన్ని 'చోప్' చేయడమంటారు. సీటు రిజర్వయినట్టే. జనం ప్లేట్లు పట్టుకుని నిలబడతారుగానీ ప్యాకెట్ ముట్టుకోరు. ఆమె మీద కన్నేసి వెంట వచ్చిన ముఠా కాపలావాడూ ముట్టుకోలేదు. ఎంత మర్యాదస్థుడో! పచ్చళ్ల సేల్స్‌మన్ వేషంలో భరద్వాజ్ వచ్చి, సొంత సీటులా కూర్చున్నాడు. ప్యాకెట్‌లో మెమరీ కార్డు. అందులో పన్నెండుమంది పేర్లు, అసలు కాంట్రాక్టు, ఇవాళ్టి ఫ్లైట్ నంబర్.

చాంగీ ఎయిర్‌పోర్ట్. చెక్-ఇన్ మూసేందుకు మూడు నిమిషాలుంది. క్యూలో ముందున్నవాడు ఓబయ్య, జురాంగ్ వెస్ట్‌లో వెల్డర్, కడప మనిషి. భరద్వాజ్ ఫోన్ తీసి, కార్డులోంచి ఎక్కించుకున్న కాంట్రాక్టును తెలుగులో గట్టిగా చదివాడు.

"సంతకం పెట్టినవాడు సైనికుడు. యుద్ధం ముగిసేదాకా సెలవు లేదు."

"వంటపని అనిరి గదన్నా?"

"కాదు. తుపాకి."

ఓబయ్య సూట్‌కేసు కింద పడేసి దానిమీద కూర్చున్నాడు. "వాళ్ల పిల్లోళ్లే పోమంటాండారంట. నేనెందుకు పోవల్ల? లేయను."

పన్నెండుమందీ కూర్చున్నారు. వాళ్లను విమానం ఎక్కించడానికి వచ్చిన ముఠావాడు కసిరాడు, బతిమాలాడు. ఒక్కడూ లేవలేదు. కౌంటర్ మూతపడింది. భరద్వాజ్ కబురందుకుని వచ్చిన పోలీసులు ముఠావాడికి బేడీలు వేశారు. భరద్వాజ్ జేబులోని పెన్-గన్‌కు పనే పడలేదు.

సాయంత్రం అదే హాకర్ సెంటర్. లిప్‌స్టిక్ తుడిచేసిన సుచిత్ర పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ ఉంది.

"రెండు మటన్ బిర్యానీలు చెప్పాను సర్. వాడికి ఇక్కడిదే ఇష్టం. ఎప్పుడొస్తాడు?"

భరద్వాజ్ నిజం చెప్పాడు.

సుచిత్ర అడిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్న."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు బిర్యానీలూ వచ్చాయి. ఒకటి ఆ కుర్చీ ముందుకు జరిపింది. ప్యాకెట్ మాత్రం తీయలేదు. సీటు కోసం వచ్చినవాళ్లు దాన్ని చూసి సారీ చెప్పి తప్పుకున్నారు.

భరద్వాజ్ 'మిషన్ సక్సెస్' అని ఢిల్లీకి నిలబడే టైప్ చేశాడు. కూర్చోడానికి చోటు లేదు.