పొద్దున్నే కడిగిన బండి

పొద్దున్నే పాలగిన్నె పొయ్యి ఎక్కకముందే ఆ తండ్రి పైపు పట్టుకుని కూతురి బ్యాటరీ స్కూటర్ దగ్గర చేరేవాడు. చక్రాలూ అద్దాలూ సరే, సీటు లేపి లోపల కూడా నీళ్లు కొట్టి, పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగేవాడు. కూతురు కాపురం వదులుకుని వచ్చినప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు కరువైపోయాయి. తప్పెవరిదని వీధి వీధంతా ఆరా తీస్తుంటే ఆయన నోరు విప్పలేదు. ఆ మౌనం పిల్ల గుండెల్లో ముల్లులా దిగింది. అది ఆయనకి తెలుసు. తెలిసి కూడా ఏమనాలో తోచక, బండి కడిగేవాడు.

అమ్మాయికి ల్యాబులో ఉద్యోగం. ఇంటింటికీ వెళ్లి రక్తం తీసుకుని, అది పాడవకముందే తెచ్చి అప్పగించాలి. ఆ బండేమో నడిరోడ్డు మీద టక్కున ఆగిపోవడం మొదలుపెట్టింది. చార్జింగ్ నిండుగానే చూపిస్తుంది, చిన్న గతుకు తగిలితే చాలు, చల్లబడిపోతుంది. కాసేపు ఎండలో నిలబెడితే మళ్లీ లేచి కూర్చుంటుంది. చార్జర్ మార్చి చూశారు, ఇంకో గదిలో చార్జింగ్ పెట్టి చూశారు, దాని తీరు దానిదే. ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని మేనేజర్ చెప్పేశాడు.

ఆ రోజు వీధి చివరకైనా చేరకుండానే ఆగింది. అమ్మాయి తోసుకుంటూ వెనక్కి వచ్చింది.

"బ్యాటరీ చచ్చి ఉంటుంది. ఆ ఉద్యోగం మానెయ్యరాదూ," అన్నాడు తండ్రి.

"మానేసి? నీకు ఎదురుగా కూర్చుని నేనూ మౌనవ్రతం పట్టనా?"

తల్లి గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "సరిపోయారు ఇద్దరూ. ముందు దాని రోగమేంటో చూడండి."

అమ్మాయి బండి చుట్టూ తిరిగింది. ఏదో గుర్తొచ్చి ఆగింది. "అమ్మా, నాన్న జ్వరంతో పడుకున్న వారమంతా ఇది ఒక్కసారీ ఆగలేదు."

"అంటే, నా మొహం చూసి వెళ్తే ఆగుతోందంటావా?" అన్నాడాయన.

"నీ మొహం కాదు నాన్నా, నీ పైపు."

తాళం తీసేసి, సీటు లేపి, బ్యాటరీ వైరు ప్లగ్గు ఊడదీసింది. లోపల పిన్నులకి పచ్చటి చిలుము, దాని మీద నీటి బొట్టు.

"ఇదిగో, నీళ్లు ఇక్కడ చేరుతున్నాయి. గతుకొచ్చి ప్లగ్గు కదిలితే కరెంటు ఆగుతోంది, ఆరితే వస్తోంది. బ్యాటరీకేం కాలేదు."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "నీ బట్టలకి దుమ్ము అంటకూడదని... ఇన్నాళ్లూ నీ పొట్ట కొడుతున్నది నేనేనా అమ్మా?"

ఆ మాటతో పిల్ల కోపమంతా నీరుగారిపోయింది. చిలుము గీకి, పొడిబట్టతో తుడిచి, ప్లగ్గు మళ్లీ బిగించింది. ఇంతలో ఫోను మోగింది. మేనేజరు. ఆమె చెయ్యి చాపేలోపే తండ్రి అందుకున్నాడు.

"అమ్మాయి నాన్నని మాట్లాడుతున్నానండీ. బండి పాడుచేసింది నేను. ఇప్పుడే బాగుచేసుకుంది, బయల్దేరుతోంది. అమ్మాయి తప్పేం లేదు."

అవతల కాస్త మెత్తబడినట్టున్నారు, సరే పంపమన్నారు. ఆయన మాత్రం ఫోను పెట్టలేదు. కూతురి వైపే చూస్తున్నాడు.

"ఇందులోనే కాదండీ. మా అమ్మాయి తప్పు ఎందులోనూ లేదు. ఈ మాట నేను ఎప్పుడో చెప్పాల్సింది."

తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఏడుపులు తర్వాత. ముందు బయల్దేరవే, ఆలస్యమవుతోంది."

"వెళ్తానమ్మా," అంది కూతురు, చెంపలు తుడుచుకోకుండానే. "నాన్నని ఆ మాట ఇంకొక్కసారి అనమను."