ఆరుంబావు రింగు

2009 ఫిబ్రవరి 17, మంగళవారం. ఉదయం ఆరుంబావుకు లత ఇంట్లో ఫోన్ మోగలేదు. అలా మోగకపోవడం వరుసగా అది నాలుగో రోజు.

సిరిసిల్లలోని ఆ ఇంటికి ఫోన్ ఒకటే. గూట్లో ఉంటుంది. లత భర్త సాగర్ దుబాయిలో సెంట్రింగు పని చేస్తాడు. క్యాంపు దగ్గర డ్యూటీ బస్సు ఎక్కేముందు రోజూ ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తాడు. ఎత్తితే బ్యాలెన్సు పోతుంది కాబట్టి లత ఎత్తదు. రింగు వచ్చి కట్ అయిందంటే మనిషి క్షేమంగా ఉన్నాడని, పనికి బయల్దేరాడని అర్థం. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు రింగు ఉండదు. రెండేళ్లలో మిగతా ఏ రోజూ తప్పలేదు.

నల్లా కింద బిందె నిండి పొర్లుతోంది. లత గూటి వైపు చూస్తూ నిలబడింది.

"ఏమే, నీళ్లన్ని మోరీల పోతున్నయ్. ఏడ జూస్తున్నవ్?" అంది అత్త లింగవ్వ.

"ఏం లేదత్తమ్మ."

"నాలుగు దినాలసంది గిట్లనే ఉన్నవ్. మొన్న కూరల ఉప్పు మర్చినవ్. నిన్న రెండుసార్లు ఏసినవ్."

"ఇయ్యాల సరిగ్గ ఏస్త తియ్యి."

రింగు సంగతి ఆమె అత్తకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ముసలామె భయపడుతుందని ఊరుకుంది. తొమ్మిదింటికి పనికి వెళ్లింది.

లత పని లంగాలు కుట్టే కార్ఖానాలో. అక్కడ కటింగ్ మాస్టర్ బుర్హానుద్దీన్. బట్టను వరసలుగా పరిచి, పైవరస మీద సుద్దతో గీసి, మిషన్‌తో వంద లంగాలకు ఒకేసారి కోస్తాడు. లత కూర్చున్న పది నిమిషాలకు కరెంట్ పోయింది. బయట గల్లీలో బట్ట నేసే సాంచాల చప్పుడు కూడా ఆగింది.

"పాయె. కరెంట్ కట్," అన్నాడు మాస్టర్, మిషన్ పక్కన పెడుతూ. "నా పని కటింగు. నా కాడ మిగిలేది కట్‌పీసు. ఒక్క పూట నాగా వెడితే సేటు జీతం కట్. ఇంటికి పోతే మా కుల్సుమ్, జుట్టు పెరిగింది, కటింగుకు పో అంటది. ఇంగ్లీషోడు పోయిండు గని గీ ఒక్క ముక్క మన నెత్తిన వెట్టి పోయిండు."

"దేశమంత తిరిగి మీ ఇంటికే అచ్చిందా మాస్టర్, గా ముక్క?" అని ఒకామె అడిగింది. ఆడవాళ్లు నవ్వారు. లత నవ్వలేదు.

"ఏమైంది బిడ్డ?"

"మా ఆయన రింగిస్తలేడు మాస్టర్. నాలుగు దినాలాయె."

బుర్హానుద్దీన్ ముఖంలో నవ్వు పోయింది. అతని తమ్ముడి కొడుకు యాసర్ కూడా దుబాయిలో సాగర్ కంపెనీలోనే ఉంటాడు. మాస్టర్ గుమ్మం బయటికి వెళ్లి ఫోన్ కలిపాడు. రెండు నిమిషాలు ఉర్దూలో మాట్లాడి వచ్చాడు.

"క్యాంపు ఖాళీ చేయించిన్రట బిడ్డ. లిస్టు సదివి సగం మందిని తీసేసిన్రట. శుక్రవారం సాగర్ ఫ్లైటు ఎక్కిండు. యాసరే ఎయిర్‌పోర్టు దాక పోయిండట."

"మరి ఇంటికి రాలె గద?"

"నువ్వు ముందు ఇంటికి పో బిడ్డ," అన్నాడు మాస్టర్.

లత ఇంటికి నడిచింది. నేత కార్మికుల ఆత్మహత్యలు మామూలైపోయిన సిరిసిల్లలో ఏ మనిషైనా రెండు రోజులు కనబడకపోతే ముందుగా ఏం అనుకుంటారో ఆమెకు తెలుసు. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు.

లింగవ్వ వాకిట్లో రాట్నం ముందు కూర్చుని సాంచాలకు కండెలు చుడుతోంది.

"అత్తమ్మ, నీ కొడుకు శుక్రవారమే విమానం ఎక్కిండట. ఏడున్నడో తెలుస్తలేదు."

రాట్నం ఆగలేదు. దారం కండెకు ఎక్కుతూనే ఉంది. లత ఆ చేతినే చూసింది. కొడుకు జాడ లేదని విన్న తల్లి చెయ్యి అలా తిరగదు.

"నీకు ఎర్కనే," అంది లత.

అప్పుడు రాట్నం ఆగింది.

"కోరుట్లల ఉన్నడు. అక్క రాజమణి ఇంట్ల. ఆదివారం ముంబై బస్సు దిగిండు. నువ్వు పనికి పోయినంక మీ వదినె ఫోన్ జేసింది."

"ఎర్కుండి చెప్పవా? నాలుగు దినాలు ఆ ఫోన్ దిక్కు చూసుకుంట నేను బతికున్ననుకున్నవా?"

"ఫోన్ దిక్కు ఎందుకు జూసినవే?"

"రోజు పొద్దుగాల రింగిచ్చి కట్ జేస్తడు గద. బతికున్న అని. నువ్వు ఇనవా?"

లింగవ్వ కోడలి ముఖంలోకి చూసింది. "గది నల్లా టైముకు నువ్వు వెట్టుకున్న అలారం కాదా?"

"అలారమా?"

"రెండేండ్లసంది గట్లనే అనుకున్న బిడ్డ. ఇంకో వీసా దొరికేదాక నీకు చెప్పద్దని వాడు ఒట్టు వెట్టిచ్చుకున్నడు. గీ రింగు ముచ్చట వాడు మర్చిండు. నేనెరుగ."

"నాకెందుకు చెప్పద్దట? నేను పరాయిదాన్నా?"

"గది నన్నడుగుతున్నవా?" లింగవ్వ గొంతు మారింది. "పోయిన నెల అచ్చేస్త అన్నడట వాడు. రావద్దన్నది ఎవలు?"

లత గడప మీద కూర్చుంది.

జనవరిలో అతను చెప్పాడు. జీతంలో సగం కట్ చేస్తున్నారని, మిగతాది కూడా నమ్మకం లేదని, వచ్చేస్తానని. "ఈడ సాంచాలు నడుస్తలేవు. అచ్చి ఏం జేస్తవ్? అందరు ఉంటలేరా?" అంది ఆమె. అతను ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ కట్ చేసింది. మరుసటి వారం అతను చేసినప్పుడు, ఆ రోజు లైను కట్ అయిందని చెప్పింది. వచ్చేస్తాననే మాట అతను మళ్లీ ఎత్తలేదు. రింగు మాత్రం రోజూ ఇచ్చాడు.

లత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లింగవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"మొకం కడుక్కో. పదకొండు బస్సుకు పో. 'మీ అమ్మ ఒట్టు తప్పింది' అని నేనే చెప్పమన్నట్టు వానికి చెప్పు."

వేములవాడలో బస్సు మారి లత కోరుట్ల చేరేసరికి రెండు దాటింది. రాజమణి ఇంటి అరుగు మీద సాగర్ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. లుంగీ సర్దుకున్నాడు.

"'నీ తమ్ముడు నిన్నటిసంది సరిగ్గ తింటలేడే' అని మా ఇంటాయన నన్ను తిడుతుండు లతా. నువ్వన్న చెప్పు," అని రాజమణి లోపలికి వెళ్లిపోయింది.

"అమ్మ చెప్పిందా?" అన్నాడు సాగర్.

"చెప్పింది. నువ్వు సచ్చిపోయినవనుకున్న."

"రింగు సంగతి యాదికి లేదు. ఈడి కొత్త సిమ్ముతోని చేస్తే ఇండియా నెంబరు పడి నీకు తెలుస్తదని ఫోనే ముట్టలె."

లత అరుగు అంచున కూర్చుంది. "పోయిన నెల లైను కట్ కాలె. నేనే కట్ జేసిన."

"ఎర్కే."

"మరి అడగవా?"

"అడిగితే నువ్వేమంటవ్? మల్ల రావద్దంటవ్." అతను కూర్చున్నాడు. "నువ్వన్నది తప్పు కాదు. ఈడ నిజంగనే పని లేదు."

"పని సంగతి తర్వాత. ఇంటికి రా."

అతను తల వంచుకున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. రాజమణి రెండు కంచాల్లో అన్నం పెట్టి తెచ్చింది.

వాళ్లు తిని లేచేసరికి మూడు గంటల బస్సు వెళ్లిపోయింది. నాలుగున్నర బస్సుకు ఇద్దరూ ఎక్కారు. సాగర్ కిటికీ వైపు కూర్చున్నాడు. బ్యాగు లత ఒళ్లో పెట్టుకుంది.