దీపాల కింద హ్యాచ్

"లేవండి. అది నా కుర్చీ."

ల్యాప్‌టాప్ మీద పడ్డ చినుకుల్ని చొక్కా చేత్తో తుడుస్తున్న ఎమ్మెట్ లిండ్‌క్విస్ట్ తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. మెడలో స్టాప్‌వాచ్, బుగ్గ నిండా పొద్దుతిరుగుడు గింజలు.

"దీని మీద మీ పేరేమీ రాసి లేదే!"

"ఆరేళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నాను. ఊరంతటికీ తెలుసు. మీరు కొత్తేమో, పాపం."

ఎమ్మెట్ పక్క కుర్చీలోకి జరిగాడు.

అది 1998 జూలై. అమెరికాలోని అయోవాలో, మిసిసిపీ నది ఒడ్డున చిన్న ఊరు. పెద్ద బేస్‌బాల్ క్లబ్బులోకి ఎదగాలని కలలుగనేవాళ్ళు ఆడే చిన్న మైదానం. ఇప్పుడు యాభై దాటిన ఎమ్మెట్‌కి, ఎక్కడైనా తడిసిన మట్టి వాసన తగిలితే ఆ మైదానమే గుర్తొస్తుంది. అక్కడ ఉడికించిన మొక్కజొన్న కంకి మీద వెన్న కారిపోతుండేది. వాన వెలిస్తే నది మీంచి గాలి వీచేది.

ఆ అమ్మాయి పేరు మార్లిస్ డ్వొరాక్. ఆటగాళ్ళను కళ్ళారా చూసి, ఎవరు పైకొస్తారో క్లబ్బుకి చెప్పడం ఆమె పని. ఎమ్మెట్ పనీ అదే. కాని అతను మనుషుల్ని చూడడు, అంకెల్ని చూస్తాడు. ఆ ఏడే క్లబ్బు కొత్తగా పెట్టుకుంది అతన్ని.

"అయితే మీరేనన్నమాట, లెక్కల మాస్టారు!" అంది మార్లిస్. "మరి చెప్పండి, టోబిన్ హ్యాచ్ మాటేమిటి?"

"పంపించెయ్యమని సోమవారమే రాసి పంపాను. పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే రెండుసార్లు కొడుతున్నాడు. మూడు కొడితే గాని పనికిరాడు."

"అతని మణికట్టు చూశారా? బ్యాట్ తిప్పే వేగం చూశారా?"

"మణికట్టుకి మార్కులుండవు, మిస్ డ్వొరాక్."

"మీకు కళ్ళుండీ ఉపయోగం లేదు" అంది ఆమె, గింజల పొట్టు ఊసి.

మూడు రోజులు అదే గొడవ. ఆమె చూపించడం, అతను కొట్టిపారెయ్యడం. అయినా నాలుగో రోజు ఆమె రాకముందే ఎమ్మెట్ రెండు కంకులు కొని, ఆమె కుర్చీ తడి తుడిచి పెట్టాడు. ఎందుకలా చేశాడో ఏ లెక్కకూ అందలేదు.

మార్లిస్ కుర్చీ వైపూ, అతని వైపూ మార్చి మార్చి చూసింది. కూర్చుని కంకి ఖాళీ చేసింది.

ఆ సాయంత్రం మైదానం దీపాలు వెలిగాక, ఆమె ఉన్నట్టుండి అతని మోచెయ్యి పట్టుకుంది.

"హ్యాచ్‌ని చూడండి. బంతిని కాదు, అతని మొహాన్ని."

హ్యాచ్ మెడ ముందుకు చాచి, కళ్ళు చిట్లించి నిలబడ్డాడు. కోచ్ దూరం నించి సైగ చేస్తే అర్థంకాక, దగ్గరకి పరిగెత్తి అడిగి వచ్చాడు.

"పగటిపూట ఇలా చెయ్యడు. నాకెందుకో ఆ మనిషికి దీపాల వెలుగులో సరిగ్గా కనపడదనిపిస్తోంది. చెబితే తీసేస్తారని దాస్తున్నాడు."

ఎమ్మెట్ ల్యాప్‌టాప్ తెరిచాడు. పగటి ఆటలు ఒకవైపు, దీపాల కింద ఆటలు ఒకవైపు విడదీశాడు. పగలు పదికి మూడుకి పైనే. దీపాల కింద పదికి ఒకటి.

"మార్లిస్!" మొదటిసారి పేరుపెట్టి పిలిచాడు. "మీరు చెప్పింది నిజం. ఇది నా దగ్గరే ఉంది. అడగాలని తోచలేదు."

"నేనూ ఇన్నాళ్ళుగా చూస్తున్నాను, నిరూపించడం చేతకాలేదు" అందామె మెల్లగా నవ్వి. ఆ నవ్వు చూశాక ఎమ్మెట్‌కి తెర మీద అంకెలు మసకబారాయి.

తెల్లారగానే కొత్త రిపోర్టు పంపుదామనుకున్నాడు. అతను లేచేసరికే సోమవారపు కాగితం తన పని చేసేసింది. హ్యాచ్ లాకరు ఖాళీగా ఉంది. తలుపు మీద అంటించిన నోటీసులో ఎమ్మెట్ పేరు ఉంది.

"నిన్న సాయంత్రం నా పక్కన కూర్చుని తలూపావే! రాత్రే ఆ కాగితాన్ని ఆపలేకపోయావా?" అంది మార్లిస్. ఆమె అతన్ని "నువ్వు" అనడం అదే మొదటిసారి.

"తెల్లారగానే కొత్తది పంపుదామనుకున్నాను, నా మాట విను..."

"లెక్క తప్పితే చెరిపి మళ్ళీ వేసుకుంటావు. మరి ఆ మనిషి?"

ఆ మధ్యాహ్నమే ఉద్యోగం వదిలేసి ఆమె నెబ్రాస్కాలో తనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎమ్మెట్ వానలో రెండు గంటలు కారు నడిపి హ్యాచ్ ఇంటికెళ్ళాడు. కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, అక్కణ్ణించే క్లబ్బు డైరెక్టరుకి ఫోన్ చేశాడు.

"నా రిపోర్టు తప్పు, సార్."

"అంకెలేమైనా మారాయా?"

"లేదు. నేను వాటిని అడిగిన ప్రశ్న తప్పు. దాన్ని సరిచేసింది మిస్ డ్వొరాక్. రిపోర్టు మీద ముందు ఆమె పేరే ఉంటుంది. కుదరదంటే నన్నూ పంపించెయ్యండి."

రెండు వారాలకి హ్యాచ్ కళ్ళజోడుతో తిరిగొచ్చాడు. ఆ చలికాలంలో ఎమ్మెట్ నెబ్రాస్కాకి రెండుసార్లు ఫోన్ చేశాడు. "నేను ఎమ్మెట్..." అనేలోపే పెట్టేసింది.

ఏప్రిల్ వచ్చింది. సీజన్ మొదటి రోజు, సన్నని జల్లు. ఎమ్మెట్ ఒక్కడే ఎప్పటి చోట కూర్చున్నాడు. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడైతే, తల తిప్పాడు.

మార్లిస్. జుట్టు తడిసింది, ముక్కు ఎర్రగా ఉంది.

"హ్యాచ్ ఫోన్ చేశాడు" అంది. "అంతా చెప్పాడు. ఫోన్‌లో నీకు నోరు రాలేదా?"

"రానిచ్చావా?"

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఎమ్మెట్ లేచాడు. చలికాలమంతా మనసులో తిరగరాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నువ్వు లేకపోతే నాకేమీ కనపడదు, మార్లిస్. వెళ్ళకు."

"వెళ్ళేదాన్నయితే మూడు వందల మైళ్ళు ఎందుకొస్తాను, మొద్దూ!" అని అతని భుజం మీద తల వాల్చింది.

ఆ తరవాత ఎమ్మెట్ కొన్ని వేల ఆటలు చూశాడు. ఏ ఏడు, ఏ రోజు, ఎవరు ఎన్ని కొట్టారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ ఏప్రిల్ సాయంత్రం ఎవరు గెలిచారో మాత్రం, పక్కనున్న భార్యనే అడగమంటాడు. ఆమెకీ తెలీదు.