మూడో పిలుపు

2086 నాటికి కాకినాడ మీద గద్దలు తిరగడం ఎవరికీ వింత కాదు. డాబాల మీద వడియాలు పెట్టుకునేవాళ్లు తలెత్తి చూసినా, నిజం గద్ద వచ్చిందేమోననే! ఈ గద్దలు ఇనుపవి. ఉగ్రవాది అని ప్రభుత్వం అనుమానించిన పౌరుణ్ణి వెతికి, పైనుంచే కాల్చేస్తాయి.

అలాగని అడ్డగోలుగా కాదు సుమండీ! చట్టం ఉంది. కోర్టు గుమ్మంలో బంట్రోతు పిలిచినట్టు, గద్ద ముందు మనిషిని పేరుపెట్టి మూడుసార్లు పిలవాలి. "హాజరు" అన్నవాణ్ణి ముట్టుకోకూడదు, కోర్టుకు పంపాలి. అతని బదులు ఇంకెవరు పలికినా సరే, వాళ్లు జామీను, అతన్ని కోర్టుకు తెచ్చే పూచీ వాళ్లది. ఎవరూ పలక్కపోతే పారిపోయినట్టే లెక్క, కాల్చేయవచ్చు. ఆ చట్టం రాసి, ఈ పిలుపుయంత్రాన్ని, అంటే కాలింగ్ మాడ్యూల్‌ని, పట్టుబట్టి పెట్టించింది డాక్టర్ సహస్ర. రిటైరయ్యాక ఆమెకు గద్దలతో మాట్లాడే హక్కు ఒక్కటే మిగిలింది.

మొదట్లో చాలామంది పలికారు. కోర్టుకెళ్లి సగం మంది నిర్దోషులుగా తిరిగొచ్చారు. తర్వాత్తర్వాత పలికేవాళ్లే లేకపోయారు. "చూశారా, ఇప్పుడు దొరికేవాళ్లంతా అసలు దొంగలే" అని మంత్రులు మీసాలు మెలేశారు. పిలుపులు వినపడకపోతే ఊరు బాగుపడిందని సహస్ర కూడా సంతోషించింది.

ఆ ఉదయం కాఫీ తాగుతుంటే ఆమె కాలనీ మీదే గద్ద ఆగింది. దాని ముక్కు దగ్గర ఎర్రదీపం వెలిగింది, ఆరి మళ్లీ వెలిగింది. దీపం వెలిగిన ప్రతిసారీ ఒక పిలుపు. ఆమె చెవిన మాత్రం ఏమీ పడలేదు. ఫోను పట్టుకుని డాబా ఎక్కింది.

"ఏయ్, పిలిచావా?"

"రెండుసార్లు పిలిచాను మేడమ్."

"నాకు వినపడలేదేం? నేనేమైనా చెవిటిదాన్నా?"

"గొంతు తగ్గించారు మేడమ్. నిద్ర పాడవుతోందని, పిల్లలు జడుసుకుంటున్నారని కాలనీలవాళ్లు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం వెంటనే ఒప్పుకుంది. ఇప్పుడు గుసగుసగా పిలుస్తున్నాను."

"ఆకాశంలోంచి గుసగుసా! మీ దుంపతెగ, ఎవడికి వినపడుతుంది?"

"పిలవాలని చట్టంలో ఉంది. వినపడాలని లేదు. రాసింది మీరే."

పలకలేదని చచ్చినవాళ్లంతా సహస్రకు గుర్తొచ్చారు.

"ఎవర్ని పిలుస్తున్నావు? పేరు చెప్పు."

"పిలుపులో తప్ప పేరు బయటపెట్టకూడదు. ఒకరి పరువు పోకూడదని ఆ నియమమూ మీరే పెట్టారు. ఇదిగో, మూడో పిలుపు."

ఎర్రదీపం వెలిగింది.

"హాజరు!" సహస్ర గొంతు చించుకుని అరిచింది. "వాడెవడైనా సరే, వాడికి నేను జామీను!"

"మనిషెవరో తెలియకుండానా? అతను కోర్టుకు రాకపోతే ఆ తూటా మీకు."

"తెలిసే అంటున్నాను. విచారణ లేకుండా ఎవడూ చావడానికి వీల్లేదు."

"నమోదైంది. జామీనుకు పేరు చెప్పవచ్చు. ఎదురింటి రిత్విక్‌గారు. గొంతు తగ్గించమని మొట్టమొదట ఫిర్యాదు చేసింది కూడా ఆయనే."

సహస్ర ఎదురింటికేసి తిరిగింది. అంతలో ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఏవండీ సహస్రగారూ! పొద్దున్నే ఆ కేకలేంటండీ? మనుషులు పడుకోవద్దేంటి? కంప్లయింటివ్వాల్సొస్తుందండి, ఆయ్!"

"ఇద్దురుగాని. ముందు చొక్కా తొడుక్కు రండి, కోర్టుకెళ్దాం. పైకి చూడండి, అది మీకోసమే వచ్చింది."

రిత్విక్‌గారు పైకి చూసి తెల్లబోయారు. "నేనేం చేశానండీ?"

"నాకేం తెలుసండీ? అది తేల్చడానికేగా కోర్టు!"

కిటికీ ధడాలున మూసుకుంది. లోపల గొళ్లెం పడింది. గద్ద నెమ్మదిగా ముక్కు సహస్ర వైపు తిప్పింది.

ఆమె దానికేసి చూడలేదు. మెట్లు దిగి, వీధి దాటి, ఎదురింటి తలుపు మీద రెండు చేతులతో బాదింది.

"రిత్విక్‌గారూ!" అని పిలిచింది, వీధి వీధంతా నిద్రలేచేట్టు.